నాన్న లెక్కకు అందని ఓటు

ఓటు వేసి వచ్చి రెండుసార్లు సబ్బుతో కడిగినా వేలి మీది సిరా ఘాటు పోలేదు. టీవీలో నలుగురు కూర్చుని, జనం ఎవరికి ఎందుకు ఓటు వేస్తారో చెబుతూనే ఉన్నారు. విసుగొచ్చి కట్టేశాను. మా ఇంట్లో అలా చెప్పే పని నాన్న చేసేవారు.

నాన్న టాటానగర్ రైల్వే యార్డులో ఫిట్టరు. డ్యూటీ దిగి, బాగ్‌బేరా క్వార్టరు వరండాలో బొగ్గుల పొయ్యి పొగ కళ్ళు మండిస్తుంటే, మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలుపుకుని తింటూ, జనం మొదట కులం చూస్తారని, ఆ తర్వాత భయపడి వేస్తారని, పిల్లల సంగతి వస్తే మాత్రం తెలివిగా వేస్తారని, ఆడవాళ్ళు మొగుడు చెప్పినవాళ్ళకే వేస్తారని వివరించేవారు. అమ్మ బియ్యం ఏరుకుంటూ వినేది.

డెబ్బైల చివర ఒక వానాకాలం, వినాయక చవితికి ముందు, మా కాలనీ తెలుగు సంఘానికి ఎన్నికలు వచ్చాయి. సంఘానికున్నది ఒకటే గది. బడిలో అంతా హిందీ కాబట్టి, సాయంత్రాలు సింహాచలం మాస్టారు ఆ గదిలోనే మాకు తెలుగు నేర్పేవారు. నాకు కథలు చదవడం వచ్చేసింది. తమ్ముడు దసరాకి చేరాలి. మాస్టారు గెలిస్తే చదువు సాగుతుంది. కంట్రాక్టరు అప్పన్న గెలిస్తే గదిని పెళ్ళిళ్ళకు ఇస్తానన్నాడు. నాన్న బిష్టుపూర్ బజారు నుంచి కార్బన్ కాగితాలు తెచ్చి, ఈ సంగతంతా మంచి తెలుగులో రాసి, వానలో తడుస్తూ ఇంటింటికీ పంచారు. అప్పన్న భార్య కుంకుమ బరిణె పట్టుకుని బయల్దేరి, పేరంటానికి పిలిచినట్టే, ఆడవాళ్ళకు బొట్టు పెట్టి ఓటుకు పిలిచింది. నాన్న చూసి నవ్వారు.

మాస్టారు ఓడిపోయారు. ఆ సాయంత్రం అమ్మే చెప్పింది.

"నానూ అప్పన్నకే ఏసినాను."

"మతి పోయిందేటే నీకు? పిల్లడి సదువు పోద్ది!" అన్నారు నాన్న.

"ఆవిడొచ్చి బొట్టెట్టింది. ఎట్టించుకుని ఎయ్యకపోతే ఏటనుకుంటాది?"

"మరి నాను పంచిన కాగితం? అందులో అంతా రాసినాను కదా!"

"బాగుంది సంబడం. ఈ లైన్లో ఏ ఆడదానికి సదవడమొచ్చండీ? గది పోద్దని నాకెవలు సెప్పినారు? మాస్టారికా పెళ్ళాం లేదు. నాతో ఒక్కమాటంటే బరిణట్టుకుని నానే ఎల్దును."

జనం గురించి అన్నేళ్ళు ఆలోచించిన మనిషికి పక్కనే కూర్చున్న ఆవిడతో ఆ ఒక్క మాట చెప్పాలని తోచలేదు. ఆవిడా నోరు తెరిచి అడగలేదు. ఎవరి మీద విసుక్కోవాలో నాకు ఇప్పటికీ తేలదు.

చవితి వెళ్ళగానే గదిలోంచి మా బల్లలు బయట పడేశారు. నేను ఇంట్లో నేర్పబోతే తమ్ముడు గిల్లీదండా ఆటకి పారిపోయేవాడు. వాడికి తెలుగు అక్షరాలు రాలేదు.

ఇప్పుడు సంఘమూ లేదు, గదీ లేదు. అమ్మ ముందే వెళ్ళిపోయింది. పోయిన నెల నాన్న పోయాక, తమ్ముడి పేరు రాసి అంటించిన కవరొకటి పెట్టెలో దొరికింది. వాడికి చదవడం రాదని తెలిసీ, నాలుగు పేజీలూ తెలుగులోనే రాశారు.

"దీదీ, పఢ్‌కే సునా దో," అన్నాడు వాడు, చదివి వినిపించమని.

చదివాను. వాడొక్కడికే చెప్పాలనుకున్న మాటలు నేనూ విన్నాను.