గుండీల డబ్బాలో మాత్రలు

మా కింది వాటాలో ఉండే దర్జీకి డాక్టరు అయిదు రోజులకు మాత్రలు రాస్తే, రెండు రోజులే మింగేవాడు. మిగిలినవి గుండీల డబ్బాలో దాచి, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి తుమ్మిన ప్రతివాళ్లకూ ఒకటి దానం చేసేవాడు. అబద్ధమెందుకు, పంటి నొప్పికి నేనూ పుచ్చుకున్నాను.

మొన్న సూది గుచ్చుకుని అతని బొటనవేలు వాచింది. డబ్బాలోని మాత్రలేవీ పనిచేయలేదు. వెల్లుల్లి నూరి కట్టాడు, తేనె పూశాడు. వేలు నల్లబడింది. ఆ వేలు పోతే కత్తెర పట్టలేడు.

ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను, చూడకుండా ఉండలేక. డాక్టరమ్మ చీము పరీక్ష చేయించింది.

"సగం సగం మింగి క్రిముల్ని రాటుదేల్చారు. పది రోజులు ఇంజెక్షన్లు పడాలి. మధ్యలో మానేస్తే వేలు తీసెయ్యాల్సిందే."

అతన్ని ఆసుపత్రిలోనే ఉంచేశారు. నాలుగో రోజుకు వాపు దిగింది. చూడ్డానికి వెళితే దర్జీ నా దగ్గర వాపోయాడు.

"నాకు తగ్గిపోయింది పిన్నిగారూ. మిగిలిన మందు ఇంటికిమ్మంటే ఆ నర్సు ఇవ్వనంటోంది."

"ఇస్తే మాత్రం ఎక్కడ దాస్తారు? డబ్బా నిండా గుండీలు పోసేశాను," అంది అతని భార్య, ఆసుపత్రి గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ లాక్కుంటూ.

పదో రోజుదాకా ఆమె ఆ కుర్చీ దిగలేదు. వేలు దక్కింది.