మేనమామ పోయని గ్లాసు

ముందే చెబుతున్నాను, నేను చెప్పేదాంట్లో సగం కొట్టేయండి. మిగిలిన సగంలోనూ కొన్ని నీళ్ళు కలిపే ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో ఎదురు చెప్పేవాళ్ళు లేరు, అందుకే నా మాటలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగిపోతాయి.

హనుమకొండలో నాది ఒక్క గది. అసలు ఇల్లంటే కాజీపేటలో మా అక్క ఇల్లే. ప్రతి ఆదివారం అక్కడే తినేవాణ్ణి. ఆమె వండే తలకాయ కూర వాసనకు ఢిల్లీ పోయే రైలు కూడా జంక్షన్‌లో కాసేపు ఎక్కువ ఆగేది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మగపిల్లవాడు మొదటిసారి దావత్‌లో కూర్చుంటే, మొదటి గ్లాసు మేనమామే పోయాలి. పోయిన ఎండాకాలం అక్కవాళ్ళు మేడమీద గది కట్టుకొని దావత్ ఇచ్చారు. మా మేనల్లుడికి పదిహేడేళ్ళు, మీసాన్ని భూతద్దంతో వెతకాలి. బావ బీరు సీసా నా చేతిలో పెట్టాడు.

"పొయ్యి బామ్మర్ది. నీ చేత్తోనే గావాలె."

"ఇంటర్ పోరనికి బీరేంది బావా? నేను పొయ్య."

"నువ్వు మొదలువెట్టినప్పుడు ఏం డిగ్రీ ఉండె నీకు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ సీసా వంచలేదు. చివరికి బావే పోశాడు. గ్లాసు నిండింది, ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. ఇంతలో ఐస్ అయిపోయింది. తెస్తానని బండి తాళం పట్టుకొని లేచిన అల్లుడు, గుమ్మమనుకొని నేరుగా గోడలోకి నడిచాడు. నేను తాళం లాక్కొని, బయటికి పోయి బండెక్కి కూర్చున్నాను. సీటు మీద దోసె పోస్తే రెండువైపులా కాలేంత ఎండ.

"దిగు మామా. దోస్తులు సూస్తాండ్రు, ఇజ్జత్ పోతాంది."

"సూడనియ్. కింద పడితే దవాఖానకొచ్చి సూస్తరు."

బావ బయటికి వచ్చాడు. "దావత్‌కొచ్చి పోలీసోని లెక్క చేస్తానవ్. నా కొడుకు ఫికర్ నీకెందుకు? పో, మల్ల రాకు."

అక్క తలుపు దగ్గరే నిలబడింది. తాళం జేబులో వేసుకొని ఆటో ఎక్కాను.

ఆ తాళం నా తలుపు పక్కన మేకుకు ఇంకా వేలాడుతోంది. ఎవరూ అడగలేదు, డూప్లికేట్ చేయించుకున్నారట. వాళ్ళ దావత్‌లు ఇప్పుడు ఫోన్ స్టేటస్‌లో చూస్తున్నాను. కూర రంగు కనిపిస్తుంది, వాసన రాదు.

మొన్న ఆదివారం అల్లుడు వచ్చాడు. బండి కింద ఆపి పైకొచ్చి, ఆ డూప్లికేట్ తాళం కూడా నా చేతిలో పెట్టాడు.

"ఇయాల దోస్తుల దావతున్నది మామా. నేను ముట్ట. అయినా ఇది నీ దగ్గర్నే ఉండనియ్, ఆటోల పోత."

చాయ్ తాగి వెళ్ళాడు.

ఇక చెప్పేస్తాను. ఆగిన రైలు, సీటు మీద దోసె, అవి కాస్త సాగదీసినవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే, అల్లుడు రావడం. మొన్న ఆదివారం ఎవరూ రాలేదు. కింద బండి ఆగిన చప్పుడు నిజం. అది విని నేను ఇద్దరికి చాయ్ పెట్టిందీ నిజమే. బండి పక్కింటివాళ్ళది.