ఏరు దాటిన పరుపు, మూసేసిన కార్డు

మొన్న శుక్రవారం నమాజు చేసుకొచ్చి దుకాణం తలుపు తీశానో లేదో, మా అన్నయ్య కూతురు లోపలికొచ్చి, తన ఫోను నా చేతిలో పెట్టి, చుట్టి ఉంచిన పరుపు మీద కూలబడింది. కళ్లజోడు వెతుక్కుని చూద్దును గదా, క్రెడిట్ కార్డు కోసం తను పెట్టుకున్న దరఖాస్తును బ్యాంకు తిరస్కరించిందని, అప్పు తీసుకుని తీర్చిన వివరాలు చాలినన్ని లేవని, అందుకు చింతిస్తున్నామని ఉంది. ఆ చింతించేవాడెవడో పేరు రాయలేదు, రాసి ఉంటే ఆ పూటే విజయవాడ బస్సెక్కి వెళ్లి పరామర్శించి వచ్చేవాణ్ణి.

అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ మా దుకాణంలో సగం ఆ పిల్లదే. వెనక సగంలో నేను దూది ఏకి పరుపులు కుడతాను, ముందు సగంలో తను జాకెట్లు కుడుతుంది. చేతిపనికి వంక పెట్టలేం గాని, ఇప్పటి పెళ్లికూతుళ్లకు చేతుల నిండా కంప్యూటరు కుట్టు పువ్వులు కావాలి, ఆ మిషను లేక వచ్చిన బేరాలన్నీ విజయవాడ పోతున్నాయి. మిషను అమ్మేవాడేమో క్రెడిట్ కార్డు ఉంటేనే వాయిదాల మీద ఇస్తానంటాడు. ఈ పెళ్లిళ్ల రోజుల్లోపు అది రాకపోతే తన సగం మూసేసి, విజయవాడలో ఎవరి కొట్లోనో కూలికి కుట్టుకుంటానని మా వదినతో ముందే చెప్పేసింది.

నాకు ఒళ్లు మండింది. అప్పు చేసి తీర్చినవాళ్లకే అప్పిస్తారట, మరి ఆ మొదటి అప్పు ఎవడిస్తాడో చెప్పరు. ఫోను చేస్తే ఒకటి నొక్కమంటారు, నొక్కితే రెండు నొక్కమంటారు, అన్నీ నొక్కాక పాట వినిపిస్తారు. ఆ పాటకు దూది ఏకినా ఈపాటికి ఒక పరుపయ్యేది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మనిషిని చూసే అరువిచ్చేవారు. మా నాన్న పెనుగొలనులో ఒక రైతు దగ్గర పత్తి తెచ్చుకునేవాడు. కాగితం, సంతకం ఏమీ లేవు, పరుపులు అమ్ముడుపోయాకే డబ్బులు. అయితే రంజాను నెలవంక కనపడేలోపు ఎవరి బాకీ వారికి ముట్టజెప్పాలన్నది మా ఇంట్లో పట్టింపు, నాన్న పోయాక కూడా మేం అది తప్పలేదు.

నా కథలు ఊళ్లో ఎవరూ పూర్తిగా నమ్మరు. నాన్న కుట్టిన పరుపు మీద పడుకున్న నెమలి ఊరి పెళ్లికొడుకు మర్నాడు పొద్దుగూకినా లేవకపోతే మేళగాళ్లను మళ్లీ పిలిపించారని చెబితే, టీ కొట్టు దగ్గర కప్పులు కింద పెట్టి మరీ నవ్వుతారు. అన్నయ్య కూతురు మాత్రం పసితనం నుంచి నోరు తెరుచుకుని వినేది. దానికి అన్నిటికన్నా ఇష్టమైనది ఏరు కథ. ఒక ఏడు నెలవంక వేళకు ఏరు పొంగి బస్సులు ఆగిపోతే, రైతు బాకీ మర్నాటికి ఉండకూడదని నాన్న ఒక కొత్త పరుపును నీళ్లలోకి తోసి, దాని మీద కూచుని, దూది ఏకే బద్దతో తెడ్డేసుకుంటూ అవతలి గట్టుకు చేరాడని, పైసలతో సహా బాకీ తీర్చేసి అదే పరుపు మీద తిరిగొచ్చాడని చెప్పేవాణ్ణి. దూది తడిస్తే మునగదా అని అది ఒక్కనాడూ అడగలేదు.

సరే, ఆ కోపం మీదే ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. కిందటి వానాకాలంలో ఆ బ్యాంకువాళ్లే దారి చెప్పారు. తను కూడబెట్టుకున్న డబ్బు డిపాజిట్టు చేస్తే దాని మీద ఒక చిన్న కార్డిస్తారు, దారాలో గుండీలో కొనుక్కుని గడువులోపు కట్టుకుంటూ పోతే నాలుగు నెలలకో ఆరు నెలలకో బాకీ తీర్చే మనిషని పేరు పడుతుంది, ఆ తర్వాత అసలు కార్డు వస్తుంది. పిల్ల ఒక్క గడువూ తప్పలేదు. ఆ సంగతే నేను గొంతు పెంచి చెబుతుంటే, ఆఫీసరు కుర్రాడు కంప్యూటరులో చూసి, "అన్నీ కట్టారండి, కాదనను. కానీ రంజాను ముందురోజు వచ్చి కార్డు మూసేశారు కదా! డిపాజిట్టు కూడా తీసేసుకున్నారు. ఇంకొన్నాళ్లు నడిపి ఉంటే సరిపోయేది" అన్నాడు.

నేను పిల్లవైపు తిరిగాను. ఆ రోజు ఇంటికి ఖర్జూరాల పొట్లం తెచ్చి అందరికీ పంచిపెడుతుంటే, ఎందుకని అడగాలని కూడా నాకు తోచలేదు.

"మూసెయ్యమని నీకెవరు చెప్పారే?"

"నువ్వే కదా బాబాయ్! నెలవంక కనపడేలోపు తాత ఏరు దాటెళ్లి మరీ తీర్చేసి వచ్చాడని చెప్పలా?"

ఆఫీసరు ఏరేమిటన్నట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

అసలు జరిగింది వేరు. ఏరు పొంగినా పొంగకపోయినా నాన్న బస్సులోనే వెళ్లేవాడు, పక్క సీట్లో నేను. రైతు అరుగు మీద డబ్బులు పెడితే ఆయన చూసుకుని, ప్రతిసారీ కొన్ని నోట్లు తీసి మళ్లీ నాన్న జేబులోనే కుక్కేవాడు. "ఇది ఉండనీ సాయిబూ. మొత్తం ఇచ్చేస్తే నువ్వు మళ్లీ మా గుమ్మం తొక్కుతావా?" అనేవాడు. నాన్న మొహమాటపడుతూనే ఉంచుకునేవాడు, ఆ కాస్త బాకీ కోసమే పై ఏడు మళ్లీ బస్సెక్కేవాడు. కథలో ఆ ముక్క చప్పగా ఉంటుందని కోసేసి పరుపెక్కించాను. తీరా చూస్తే బ్యాంకు అడిగిందీ ఆ ముక్కే, ఖాతా మూసెయ్యకుండా ఉండమని. కాకపోతే రైతు నవ్వుతూ అడిగాడు, వీళ్లు చింతిస్తూ అడిగారు.

పిల్ల ఆ డబ్బు మళ్లీ డిపాజిట్టు చేసింది. పేరు మళ్లీ మొదటి నుంచి పడాలి, అప్పటికి పెళ్లిళ్లు అయిపోతాయి, కాబట్టి ఎల్లుండి బస్సుకు విజయవాడ పోతోంది. వెనక్కొస్తానంటోంది గాని, తన సగంలో ఉన్న కుట్టు మిషను మీద అప్పుడే గుడ్డ కప్పేసింది. పోయేముందు జరిగింది జరిగినట్టు చెప్పేద్దామని కూచోబెట్టి, రైతు నోట్లు వెనక్కివ్వడం, నాన్న మొహమాటం, బస్సు, అంతా ఒక్క మాట కలపకుండా చెప్పాను. మొత్తం విని పకపకా నవ్వి, "ఊరుకో బాబాయ్, ఇచ్చిన డబ్బులు వెనక్కిచ్చేవాళ్లు ఎక్కడైనా ఉంటారా?" అంది.

పరుపు మీద ఏరు దాటడం నమ్మిన పిల్ల ఇది నమ్మలేదు. దాన్ని అని ఏం లాభం, అలాంటి మనిషిని అది ఎన్నడైనా చూస్తే కదా.