కొండమ్మ కట్టిన ఆసామి వేషం

కొండమ్మకు ముప్పై ఏళ్లు నిండకముందే భర్త ఏసోబు పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. పొద్దున్నే పెద్ద రైతు పేరయ్య ఇంటి వాకిలి ఊడ్చి, గొడ్లచావిడి బాగుచేసి, ఆ తర్వాత ఆయన చేలోనే మిరపకాయలు కోసేది. మార్టూరు దగ్గర ఆ ఊళ్లో, ఊరి చివర పాలెంలో ఉండే కూలి ఆడవాళ్లందరిదీ అదే బతుకు.

ఎనభై ఏడులో బడి మాస్టారు జయరావుగారు చర్చి ముందు ఆడటానికి నాటకం రాశారు. మగవాళ్లతో సమానంగా కాయ కోసినా ఆడవాళ్లకు కూలి తక్కువెందుకని అడిగే నాటకం. అన్ని వేషాలకూ మనుషులు దొరికారు గానీ ఆసామి వేషానికి ఎవరూ ముందుకు రాలేదు.

"తెల్లారితే పేరయ్యగారి చేలోకే పోవాలి గదా మాస్టారూ," అన్నాడు పాలెం కూలి బాలస్వామి.

"నేను కడతానండి," అంది కొండమ్మ.

నాటకం రోజు పంచె ఎగగట్టి అచ్చం పేరయ్యలా నడిచింది, ఆయనలాగే గొంతు సవరించుకుంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మాస్టారు రాయనిది కూడా ఒకటి చేసింది. పులుసులో ఉప్పు చాల్లేదని, భార్య వేషం కట్టిన ఎలీసమ్మ ముందు అన్నం కంచం విసిరికొట్టింది. నవ్వులు ఆగిపోయాయి. పేరయ్య ఇంట్లో కొండమ్మ కళ్లారా చూసిందే అది. కానీ పాలెంలోనూ చాలా ఇళ్లలో ఆ కంచం లేచేదే. ముందు కూర్చున్న మగవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు.

మర్నాడు ఎప్పట్లాగే పనికి వెళితే, పేరయ్య భార్య సుబ్బరావమ్మ తనే వాకిలి ఊడ్చుకుంటోంది.

"నాటకంలో, కంచం తీసేటప్పుడు నేను ఏడ్చినట్టు చూపించారా?" అని అడిగింది.

"లేదమ్మగారూ. మీరెప్పుడూ ఏడవలేదు గదా."

సుబ్బరావమ్మ చీపురు గోడకు ఆనించింది. "ఎవరూ చూడట్లేదనుకున్నాను," అంది. తర్వాత మెల్లగా, "ఇంక ఇటు రాబాక, కొండా."

ఆ ఏడు కోతలకు పాలెం ఆడవాళ్లు పట్టుబట్టి ఇళ్లలోనే కూర్చున్నారు. కాయ చెట్టుమీదే ఎండిపోతుంటే రైతులు దిగివచ్చి కూలి పెంచారు. పేరయ్య మేస్త్రి వచ్చి అందరినీ పనికి పిలిచాడు, కొండమ్మను తప్ప.

"మమ్మల్ని ఏం చెయ్యమంటావు వదినా?" అంది ఎలీసమ్మ.

"పొండి. కాయ రాలిపోద్ది," అంది కొండమ్మ.

పాలెం మగవాళ్లకు మాత్రం కూలి కన్నా కంచమే గుర్తుండిపోయింది. లేనిపోనివి నేర్పుతుందని తమ ఆడవాళ్లను ఆమె అరుగెక్కనివ్వలేదు. ఎలీసమ్మ కూడా దారిలో కనపడితే నవ్వి తప్పుకునేది. వేసవి సెలవుల్లో మాస్టారుకు బదిలీ అయింది. నాటకం మళ్లీ ఆడలేదు.

కొండమ్మ మార్టూరులో రాళ్లకు పాలిష్ పట్టే చోట పనికి కుదిరి, అక్కడే చిన్న గది తీసుకుంది. యంత్రాల మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అది ఆమెకు హాయిగానే ఉండేది. కరెంటు పోతే అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమై, ఆడవాళ్లు పిల్లల సంగతులూ మొగుళ్ల సంగతులూ మొదలుపెట్టేవాళ్లు. కొండమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని, కరెంటు ఎప్పుడొస్తుందా అని బల్బు వంక చూస్తూ కూర్చునేది.