నిమ్మకాయలు కవరెక్కిన రోజు

మా నాయనకు గోతమంటే ప్రాణం. గూడూరు నిమ్మకాయలు గోతాల్లో రావాలి, గోతాల్లోనే పోవాలి, మూతి దబ్బనంతో ఆయనే కుట్టాలి. రేణిగుంటలోని మా షెడ్డులో నేను ప్యాకింగ్ మిషన్ దింపించిన రోజు, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నిమ్మకాయకు సొక్కా తొడుగుతావా తల్లీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా షెడ్డు ఆయనది.

"తొలి లోడు సక్కంగా మద్రాసు చేరితే ఉంచుకో. ల్యాకుంటే ఈ మిసను యాడ తెచ్చినావో ఆడికే పంపించేస్తా. మళ్లా దీని మాట ఎత్తకూడదు" అని తేల్చేశాడు.

మిషన్ తేలిగ్గానే దొరికింది. దానికి తగ్గ కవరే దొరకలేదు. బజారు కవర్లు చేత్తో నింపడానికి పనికొస్తాయి. మిషన్‌కైతే కవర్లన్నీ ఒకటే పొడవాటి చుట్టగా రావాలి, ఒక్కో కవరుకు అంచున ఒక్కో నల్ల గుర్తుండాలి. మిషన్ కన్నుకు, అంటే సెన్సరుకు, ఆ గుర్తు కనబడిన చోట కత్తి పడుతుంది. కవరు పల్చనైతే చిరుగుతుంది, మందమైతే అతుక్కోదు, చిల్లులు లేకపోతే కాయ చెమట పట్టి కుళ్లుతుంది. కవర్లు చేసేటాయన ప్రాణం తోడేశాను. చివరికి గుర్తులు రెండంచులా వేయమంటే, "మిషన్‌కు ఉండేది ఒకే కన్ను గదా మేడం!" అని నవ్వాడు.

"గోతానికి రెండు చెవులుండాల. ఒకటి తెగినా ఇంగోటి పట్టుకోవచ్చు" అనేది మా నాయన మాట. నాయనతో వాదులాడుతూనే ఆ మాటను కవర్లాయనకు అప్పజెప్పాను.

ముందురోజు కాస్త నడిపి చూస్తే ఏ ఇబ్బందీ లేదు. తెల్లారి లారీ వచ్చి వాకిట్లో నిలబడింది, మిషన్ స్విచ్ వేశాను. రెండు కవర్లు చక్కగా వచ్చాయి. మూడోదానికి కత్తి సరిగ్గా నడుం మీద పడింది. కాయలు జలజలా నేలపాలు. మళ్లీ నడిపితే మళ్లీ అదే. షెడ్డులో ఆడవాళ్లు కాయల వెంట పరుగెత్తారు. "ఈ కవర్లు మంచివి కాదక్కా" అని ఒకామె అననే అన్నది.

ఇక నాయన దబ్బనం తీస్తాడనుకున్నాను. తీయలేదు. గోతాల పక్కన నిలబడి, నాకంటే ఎక్కువ బెదిరిపోయి చూస్తున్నాడు.

తెగిన కవరు వెలుతురులో పెట్టి చూశాను. అంచున ఎర్రటి మరక. ఇంకోటి చూశాను, దానికీ మరకే. వంగి చుట్ట పక్కభాగం చూస్తే, గుండ్రంగా పసుపు, మధ్యలో తడి కుంకుమ. ఆ తడి లోపలికి ఇంకి, పైపొరలు తప్ప ప్రతి పొరకూ అంటుకుంది. మిషన్ కుంకుమను కూడా గుర్తే అనుకుని కత్తి వేస్తోంది. మూలన నిలబెట్టిన మిగతా చుట్టలకూ పైవైపున బొట్లే.

"నాయనా!" అని అరిచాను.

కుడిచేయి వెనక్కి దాచుకున్నాడు. "కొత్త గుడ్డకు అంచున పసుపు పెట్టకుండా కట్టుకుంటామా? నీ తొలి లోడు గదమ్మా... దిష్టి తగలకూడదని పొద్దున్నే వచ్చి పెట్టినాను."

మిషన్‌ను వెనక్కి పంపిస్తానన్న మనిషే అది గెలవాలని మొక్కుకుని బొట్టు పెట్టాడు! కోపం, ఏడుపు ఒకేసారి తన్నుకొచ్చాయి. రెండింటికీ తీరిక లేదు.

ఆయన బొట్టు పెట్టింది ఒకవైపే. రెండో అంచు గుర్తులు శుభ్రంగా ఉన్నాయి. మిషన్ కన్నును ఆ వైపుకు జరిపి బిగించాను. "సూడు నాయనా, నీ రెండో చెవి!" అన్నాను.

కత్తి గుర్తు మీదే పడింది. తర్వాతదీ అంతే, ఆ తర్వాతదీ అంతే. పచ్చటి నిమ్మకాయలు బిగువుగా సర్దుకుని, చిల్లుల్లోంచి వాసన చిమ్ముతూ కవరు వెనక కవరు దూకాయి. మధ్యాహ్నానికి లారీ సరిహద్దులోని తడ దాటింది. సాయంత్రం మద్రాసు నుంచి ఫోన్: ఒక్క కవరూ చిరగలేదు, ఇంకో లోడు కావాలి. షెడ్డు నడుమ నిలబడి వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను. పెళ్లయి పిల్లలున్న ఆడదాన్ని, అయితేనేం! ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

నాయన మాత్రం కుంకుమ భరిణె పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "రేపటి చుట్టకు బొట్టు యాడ పెట్టాల్నో నువ్వే సూపీమ్మా" అన్నాడు.

ఆయన వేలు పట్టుకుని చుట్ట నడుమ ఉండే అట్టగొట్టం లోపల ఆనించాను. ఈరోజుకీ అక్కడ బొట్టు లేకుండా మా షెడ్డులో ఏ చుట్టా మిషన్ ఎక్కదు. పెట్టేది ఆయనే.