మా మామగారి చెవులు

మొన్న ఆదివారం మిక్సీ జారు కొందామని యలహంక న్యూటౌన్‌లో ఒక పెద్ద దుకాణానికి వెళితే, గుమ్మంలోనే ఒక అమ్మాయి అరచేతిలో పట్టేంత గుండ్రటి స్పీకరు తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. ఫోనులోంచి పాట దానంతటదే వచ్చేస్తుందట, వైరు అక్కర్లేదట, వానలో తడిసినా ఏమీ కాదట. అంతవరకూ బాగానే విన్నాను. దాని ముందువైపు వెండిరంగులో మూడు అలల గుర్తు కనిపించేసరికి ఒళ్ళు మండిపోయింది. నా చూపు చూసి ఆ అమ్మాయి నాకు నచ్చిందనుకుంది కాబోలు, "చాలా పాత బ్రాండ్ మేడమ్, తరతరాల నమ్మకం" అంది. "ఎవరి నమ్మకం? ఎవరిని అడిగి పెట్టుకున్నారు ఆ మాట?" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది. వాషింగ్ మెషీన్ల దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. పాపం ఆ పిల్లకేం తెలుసు? మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని "జారు, జారు చూద్దాం పద" అంటూ లోపలికి లాక్కుపోయారు. జారు కొన్నాం. కోపం మాత్రం అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరికో ఒకరికి చెబితే తప్ప దిగేలా లేదు.

ఆ కంపెనీ పేరు నేను రాయను, రాస్తే దానికి అదొక ప్రచారం. మా మామగారి రోజుల్లో మా ఇంట్లో దేవుడి పేరు తర్వాత ఎక్కువసార్లు వినిపించిన పేరు అదే. ఆయనకి యలహంక పాతూరులో ఆరు కరెంటు మగ్గాలు ఉండేవి. ఇంటి వెనకే షెడ్డు. పొద్దున్నే మీట వేస్తే సాయంత్రం ఆరున్నర దాకా ఆ మోత ఆగదు, పక్కవాళ్ళతో మాట్లాడాలన్నా సైగలే. నేను ప్రొద్దుటూరు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో నెలరోజులు తలనొప్పితో పడుకున్నాను. మాదీ నేత ఇల్లే గానీ మావి చేతిమగ్గాలు, వాటి చప్పుడుకి నిద్ర వచ్చేది. ఇంత మోతలోనూ మామగారు పెరట్లో కూర్చుని పేపరు చదువుకుంటూ, ఉన్నట్టుండి తలెత్తి, "మూడోదాంట్లో నాడె తట్టుకుంటాండాది, ఆపమను" అనేవారు. నాడె అంటే పేకనూలు మోసుకుంటూ మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తేది. వెళ్ళి చూస్తే నిజమే, ఇంకాస్త ఆగితే పోగులన్నీ తెగేవి. ఆరు మగ్గాలు ఒక్కసారిగా మోగుతుంటే అందులో ఒకదాని గొంతు మారిందని పట్టుకోవడం మా ఆయనకి ఇప్పటికీ చేతకాదు. ఆ షెడ్డు నడిచిందంతా మామగారి చెవుల మీదే.

అలాంటి చెవులకి తగిన వస్తువు లోకంలో ఒక్కటే ఉందని ఆయన తేల్చేసుకున్నారు. తొంభైల మొదట్లో మూడు ఆదివారాలు వరసగా సిటీలోని షోరూముకి పోయి, ఒకే పాటని మూడు కంపెనీల సెట్ల మీద మార్చి మార్చి వేయించుకుని, అక్కడివాళ్ళకి విసుగు పుట్టించి, నాలుగో ఆదివారం ఆ మూడలల సెట్టుని టెంపోలో ఇంటికి తెచ్చారట. యాంప్లిఫయరు, క్యాసెట్ డెక్కు, నడుమెత్తు చెక్క స్పీకర్లు రెండు. అప్పటినుంచి మనుషుల్ని కూడా సెట్టుని బట్టే అంచనా వేసేవారు. నా పెళ్ళిచూపుల్లో మా నాన్నని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో పాట దేంట్లో వింటారప్పా?" అని. నాన్న సిగ్గుపడుతూ గూట్లో రేడియో చూపించాడు. దాని వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. మామగారు దాన్ని చూసి, నన్ను చూసి, అత్తగారి వైపు తిరిగి, "పాపం, ఈ పిల్ల ఇంతవరకూ పాటే వినలా. మనింటికి తీసుకపోదాం" అన్నారు. సంబంధం అలా కుదిరింది. కట్నం గొడవ లేకుండా రబ్బరు బ్యాండుతో పెళ్ళయినదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

ఆ సెట్టుకి పట్టుబట్ట ముక్కలతో కుట్టిన గలీబు ఉండేది. ఆయుధ పూజనాడు మగ్గాలతోపాటు దానికీ బొట్టు పెట్టేవాళ్ళం. ఒక ఏడు అత్తగారు భక్తి ఎక్కువై, స్పీకరు నడిమధ్యన మెత్తగా ఉండే చిన్న గుబ్బ మీద గంధం అద్దితే అది లోపలికి నొక్కుకుపోయింది. ఆయన సెలోటేపు అంటించి దాన్ని మెల్లగా బయటికి లాగేదాకా పండగపూట ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు.

సాయంత్రం మగ్గాలు ఆపగానే పాట పెట్టేవారు కాదు. అరగంట ఊరికే కూర్చోవాలి. "చెవుల్లో ఇంకా మగ్గం ఉండాది, దిగనీ" అనేవారు. అది దిగాక, ఎర్రగచ్చు మీద సుద్దతో గీసిన నాలుగు గుర్తుల్లో కుర్చీ నాలుగు కాళ్ళూ సరిగ్గా పెట్టి, మొదట నన్ను కూర్చోబెట్టేవారు. రెండు స్పీకర్ల శబ్దం సమంగా కలిసే చోటు అదేనట. నేను ఒళ్ళో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ కూర్చునేదాన్ని. ఆయన పక్కన నిలబడి, "తంబూర ఎనకాల ఉండాది చూడు. పాడేవాడు ఊపిరి తీసుకున్యాడు, విన్నావామ్మా?" అని అడిగేవారు. నాకేమీ వినపడేది కాదు. పాట పాటలాగే ఉండేది. కానీ అంత ఆశగా చూస్తున్న మనిషితో లేదని ఎలా చెప్పడం? "విన్నాను మామా" అనేదాన్ని. ఎనిమిదేళ్ళు ప్రతి సాయంత్రం ఆ అబద్ధం ఆడాను. అది అబద్ధమని కూడా నాకు అనిపించేది కాదు, ఇంట్లో పెద్దాయనకి కాఫీ ఇచ్చినట్టే అదీ ఒక మర్యాద అనుకున్నాను.

రెండువేల తర్వాత ఒక ఉగాదికి ఆ షోరూమునుంచి ఉత్తరం వచ్చింది. పాత కస్టమర్లకి ప్రత్యేకంగా ఎక్స్ఛేంజ్ మేళా, పాత సెట్టు ఇచ్చి కొత్తది తీసుకెళ్ళండి అని. మా సెట్టులో ఒక స్పీకరు అప్పుడప్పుడు గరగరమనేది. వేరే కంపెనీవాళ్ళు పిలిస్తే ఆయన ఆ కాగితంలో వక్కపొడి కట్టి ఉండేవారు. సొంత కంపెనీ పిలిచింది కాబట్టి వారం రోజులు ఆలోచించి సరేనన్నారు. అత్తగారు దానికి కుంకుమ పెట్టి పంపింది. షోరూమునుంచి వచ్చిన ఇద్దరూ వైర్లు పట్టుకుని దాన్ని ఈడ్చారు. ఒకడు యాంప్లిఫయరు మీద కాలుపెట్టి టెంపో ఎక్కాడు. మామగారు చూడనట్టు ముఖం తిప్పుకున్నారు. ఆ రోజే నేను నోరు చేసుకోవాల్సింది.

కొత్త సెట్టు రంగు రంగుల దీపాలతో వచ్చింది. పాట పెడితే నీలం గీతలు పైకీ కిందికీ గెంతుతాయి. ఆయన దీపాల్ని పట్టించుకోలేదు. యాంప్లిఫయరుని రెండు చేతులా ఎత్తి చూసి, ముఖం వికసించి, "బరువు చూడమ్మా! పాతదానికన్నా ఎక్కువుండాది. బరువుంటే లోపల సరుకుండాదని అర్థం" అన్నారు. సెట్ల పిచ్చి ఉన్నవాళ్ళందరూ అంతేనట, దుకాణానికి వెళ్ళగానే ముందు ఎత్తి చూస్తారట. ఆ సాయంత్రం కుర్చీలో కూర్చున్నాను. పాట మొదలైంది. మొదటి చరణం కాకముందే నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. తంబూర లేదు. పాడేవాడికి ఊపిరే లేదు. ఖాళీ డబ్బాలో తల పెట్టి పాడుతున్నట్టుంది. ఇన్నేళ్ళూ నాకు వినపడడం లేదనుకున్నవన్నీ నాకు తెలియకుండానే వినడం నేర్చుకున్నానని, అవి పోయాక తెలిసింది. "ఎట్లుండాదమ్మా?" అన్నారు ఆయన, నా ముఖంలోకి చూస్తూ. ఎనిమిదేళ్ళ అలవాటు నోట్లోంచి ముందు వచ్చేసింది. "చాలా బాగుంది మామా."

మూడు రోజులు ఆయన నాబులు తిప్పారు, స్పీకర్లు జరిపారు, సుద్ద గుర్తులు చెరిపి మళ్ళీ గీశారు. నాలుగో రోజు నన్ను వెంటబెట్టుకుని షోరూముకి వెళ్ళారు. మేనేజరు టై కట్టుకున్న కుర్రవాడు, మన తెలుగువాడే. మామగారు చాలా మర్యాదగా, "సెట్టు మంచిదే అప్పా, మీ కంపెనీని నేనేమీ అనను. పైస్వరాలు మాత్రం రావడంలా, ఏమైనా సర్దాల్నేమో చూడు" అన్నారు. వాడు "సార్, మీరేం చేస్తుంటారు?" అని అడిగాడు. మగ్గాలని చెప్పగానే చుట్టూ ఉన్న కస్టమర్లందరికీ వినపడేలా నవ్వాడు. "అదీ సంగతి! సార్, పవర్‌లూమ్ వాళ్ళకి హై ఫ్రీక్వెన్సీ పోతుంది. సెట్ పర్ఫెక్ట్‌గా ఉంది, మీ చెవులే చెకప్ చేయించుకోవాలి." అని ఊరుకోలేదు, నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మేడమ్, ఇంట్లో ఎలా వినిపిస్తోంది?" మామగారు నావైపు చూశారు. ఇప్పుడు బాగాలేదంటే మొన్న ఆయనతో అన్నది అబద్ధమని తేలిపోతుంది, ఆ ఒక్కటే నా బుర్రలో తిరిగింది. "బాగానే ఉందండీ" అన్నాను. ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత మూడు వారాలు. మామగారు సెట్టు ముట్టలేదు, అది సరే. పెరట్లో కుర్చీ కూడా ఇంటి ముందువైపుకి మార్చేసుకున్నారు. షెడ్డులోంచి ఎవరైనా వచ్చి "నాలుగోది ఏదో తేడాగా ఉంది, వచ్చి వింటారా?" అని అడిగితే, "నాకేం వినపడతాదప్పా, అబ్బయ్యని అడగండి" అని మా ఆయన మీదికి తోసేవారు. ఆ మూడు వారాల్లో రెండుసార్లు పడుగు తెగింది. అంతకుముందు ఏడాదికి ఒకసారి కూడా తెగేది కాదు. అత్తగారు పక్కనుంచి పిలిచినా ఒక్కోసారి పలికేవారు కాదు, వినపడక కాదు, వినపడిందో లేదో నమ్మకం లేక. అరవై రెండేళ్ళ మనిషి నా కళ్ళముందే ఎనభై ఏళ్ళ ముసలివాడైపోయారు. టై కట్టుకున్న కుర్రవాడి ఒక్క నవ్వుకి!

ఇక ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం ఆయన ముందు కూర్చుని చెప్పేశాను. "మామా, మీ చెవులు బాగానే ఉన్నాయి. ఆ సెట్టే బాగాలేదు. నాకు మొదటిరోజే తెలిసింది." ఆయన జాలిగా నవ్వారు. "నువ్వు మంచిదానివమ్మా. నేనేమడిగినా ఔననే అంటావు. ఈ మాట కూడా నాకోసమే అంటుండావు." అంటే ఆయనకి ఎప్పుడూ తెలుసన్నమాట! తల కొట్టేసినట్టయింది. నా మాట చెల్లని నాణెమైపోయింది, దాన్ని అలా చేసుకున్నది నేనే. లేచి షెడ్డులోకి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చి, యాంప్లిఫయరు వెనక 'ఈ సీలు చిరిగితే వారంటీ చెల్లదు' అన్న కాగితాన్ని గోటితో చీల్చి, పన్నెండు స్క్రూలూ విప్పాను. ఆయన "వద్దమ్మా, వద్దు, కంపెనీ సీలది" అంటూనే ఉన్నారు.

మూత తీస్తే లోపలంతా ఖాళీ. ఒక మూల నా అరచెయ్యంత ఆకుపచ్చ పలక, దాని పక్కన నిమ్మకాయంత ట్రాన్స్‌ఫార్మరు. మధ్యలో, నాలుగు బోల్టులతో బిగించి, సగం ఇటుకంత ఇనుప దిమ్మ. మామగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. దిమ్మ చుట్టూ వేలు పెట్టి మెల్లగా తడిమారు, కిందా పైనా వెతికారు.

"దీనికి వైరేదమ్మా?"

"లేదు మామా. బరువుకి పెట్టారు."

చెవులు బాగున్నాయని తెలిసిన మనిషి సంతోషిస్తారని నేననుకున్నాను. ఆయన దిమ్మ మీదినుంచి చెయ్యి తీయకుండానే, "నా చెవులే పోయుంటే బాగుండు కదమ్మా" అన్నారు. "ఈ పేరు చెప్పి ఎంతమందితో కొనిపించినా. హొసకోటె దాకా పోయి చెప్పినా." వీళ్ళ అమ్మకాలు పెంచినవాళ్ళలో ఆయనలాంటి మనుషులు ఎంతమందో! జీతం లేదు, కమీషను లేదు, వాళ్ళ పేరు తన పేరులాగా మోశారు. అలాంటివాళ్ళు ఎత్తి చూస్తారని తెలిసే, వాళ్ళని మోసం చెయ్యడానికే ఎవడో గదిలో కూర్చుని ఆ దిమ్మ ఎంత ఉండాలో తూచి పెట్టాడు. కంపెనీని అప్పటికే వేరేవాళ్ళు కొన్నారనీ, పేరొక్కటే పాతదనీ తర్వాత ఎవరో చెప్పారు. అదొక సమాధానమా? పేరు కొన్నవాడు ఆ పేరుని నమ్మినవాళ్ళని కూడా కొన్నట్టు కాదా?

మర్నాడు ఆయన దిమ్మని చేతిసంచిలో వేసుకుని, నన్ను రమ్మని, షోరూముకి వెళ్ళి గాజు బల్ల మీద పెట్టారు. మేనేజరు దాన్ని చూశాడు, ముఖంలో రంగు మారింది, అయినా మొదట వాడి నోటినుంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "సీల్ ఓపెన్ చేశారు కదా సార్, ఇక వారంటీ రాదు." నేను నోరు తెరిచాను. ఈసారి నిజం చెబుదామనే తెరిచాను. మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. "వారంటీ వద్దప్పా. ఇది మీది, పెట్టుకో. చెవులు నావి, తీసుకపోతుండా." అంతే, వెనక్కి తిరిగి నడిచారు. నేను మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "నాకు మొదటిరోజే తెలిసింది, ఆ రోజు నేను మీకు అబద్ధం చెప్పాను" అని అందరికీ వినపడేలా అరిచి వచ్చాను. ఎవరికి ఏం అర్థమైందో తెలియదు.

ఆ సాయంత్రం ఆయన షెడ్డులోకి వెళ్ళి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, అయిదో మగ్గం ఆపించారు. ఆ తర్వాత పదేళ్ళు బతికారు. మళ్ళీ సెట్టు కొనలేదు, మేం కొంటామన్నా ఒప్పుకోలేదు. మనవరాలికి మగ్గం వినడం నేర్పారు. ఆ పదేళ్ళూ మంచి రోజులే. నా కోపం ఆ సెట్టు గురించి కాదు, పోయిన పాటల గురించి కూడా కాదు. మంచి చెవులున్న మనిషి తన చెవుల్ని తానే నమ్మకుండా వీధి అరుగు మీద కూర్చున్న ఆ ఇరవయ్యొక్క రోజులున్నాయే, వాటిలో మొదటిది నా నోటివల్ల పోయింది, మిగతావి వాళ్ళ ఇనుమువల్ల పోయాయి. అన్నీ కాలంతోపాటు వెనక్కి పోయాయి గానీ, ఆ మూడు వారాలు మాత్రం ఇరవై ఏళ్ళనుంచి నాతోపాటే ముందుకి నడిచి వస్తున్నాయి.