కడుపుతో ఉన్న మగ ఎండ్రికాయ

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. పుస్తకంలో ఉన్న సంగతి అరటిపండు ఒలిచినట్టు చెబితే ఎవరికైనా అర్థమవుతుందని. (ముందు నాకు అర్థం కావాలన్న సంగతి అప్పటికింకా తట్టలేదు.) ఉప్పుగూడలో మాది పాల వ్యాపారం చేసే ఇల్లు. వాకిట్లో క్యాన్లు, వెనక బర్రెలు. ఆ ఇంట్లోంచి జువాలజీ ఎమ్మెస్సీకి పోయిన మొదటి పిల్లను నేనే. నేనేం చదువుతున్నానని ఎవరడిగినా నాయనమ్మే జవాబిచ్చేది: "పురుగుల చదువు."

సెమినార్‌కు నాకొచ్చిన అంశం నిజంగానే పురుగు. శనగగింజంత ఐసోపాడ్ అనే పురుగు ఒకటి సముద్రపు ఎండ్రికాయ మొప్పల్లో దూరి, దాని రక్తం తాగుతూ అక్కడే పిల్లల్ని పెడుతుంది. ఎండ్రికాయకు ఇక సొంత పిల్లలు పుట్టరు. మగదైతే మెల్లగా ఆడదాని వాటం వచ్చి, పొట్ట కింది సన్నటి రేకు వెడల్పవుతుంది. అలాంటిదొకటి మా సారు సముద్రం ఒడ్డు నుంచి ప్రాణంతో తెచ్చారు. బోనాల సెలవులకు కాలేజీ మూస్తారని ఉప్పునీళ్ల బకెట్‌తో సహా నాకు అప్పగించి, "ఇది పోతే నీ సెమినార్ కూడా పోయినట్టే" అన్నారు.

పండగ బట్టలకని పత్తర్‌గట్టి పోయి వచ్చేసరికి బకెట్ ఖాళీగా ఉంది.

"ఇడ్సిపెట్టిన," అంది నాయనమ్మ తాపీగా. "కడుపుతోటి ఉన్నది పాపం. ఇంట్ల మీ అక్కకు నెలలు నిండుతున్నయి. గిసుంటప్పుడు బకెట్ల బంద్ చేస్తరా?" (మా ఇంట్లో చూలాలు ఉంటే చూడి బర్రెకు కూడా కట్టుతాడు విప్పేస్తారు. ఆ ఆచారం సముద్రం దాకా పోతుందని నేను ఊహించలేదు.)

"అది మగది, నాయనమ్మా."

"మగదానికి కింద గంత రేకుంటదా? నాకు ఎండ్రికాయలు తెల్వయా? కుడిపక్క ఉబ్బింది గూడ. పిల్లగాడే పుడుతడు."

"అది కడుపు గాదు, పురుగు. ఆ పురుగు ఆడది. దాన్ని పట్టుకొని ఇంకో చిన్న మగ పురుగుంటది. ఎండ్రికాయ మగదే, గని ఆడదాని లెక్క అయింది."

పాలు కొలుస్తున్న బాపు (మా నాన్న) చేతిలో లోటా ఆగిపోయింది. "అయితే కడుపు ఎవరిదే?"

"పురుగుది."

"మోసేది?"

"ఎండ్రికాయ."

"అది మగదంటివి గద."

అవునన్నాను గానీ, ఆ క్షణంలో ఎవరు ఆడో ఎవరు మగో నాకే తెలియకుండా పోయింది. బాపు ఎన్ని లోటాలు పోశాడో మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

"దాని పిల్లలు కావు నాయనమ్మా. సొంత పిల్లలు పుట్టకుండ చేసి, పరాయి పిల్లల్ని దానితోటి మోయిస్తది ఆ పురుగు. ఉత్త మోసం."

నాయనమ్మ మా తాతకు రెండో పెళ్లాం. ఆమె ఈ గడప తొక్కేసరికి బాపు పాకుతున్నాడట. తర్వాత ఆమెకు పిల్లలు కలగలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన ఈ సంగతి ఎవరూ నోటితో అనేవారు కాదు.

"నాకూ కడుపు పండలే," అంది బాపు వైపు చూసి. "వీన్ని సాదుకున్న. అండ్ల మోసమేముంది బిడ్డా?"

బాపు తల వంచుకుని ఖాళీ క్యాన్‌ను కడిగిందే కడుగుతూ ఉండిపోయాడు.

కాసేపటికి ఆమే నా చెయ్యి పట్టుకుని బర్రెల నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. ఎండ్రికాయ ఒక మూల ముడుచుకుని ఉంది, వీపు మీద పసుపూ కుంకుమా పెట్టించుకుని. దాన్ని నీళ్లు నింపిన బకెట్లోకి మార్చి వంటింట్లో ఉన్న దొడ్డుప్పంతా గుమ్మరించాను. ఆ పూట పప్పు చప్పగానే తిన్నాం.

సెమినార్‌లో సారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఈ ఎర్ర మచ్చ కూడా పరాన్నజీవి వల్లేనా?" అన్నారు. కుంకుమ అని చెప్పేసరికి క్లాసంతా గొల్లుమంది.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. దీనివల్ల ఎండ్రికాయకు ఏం లాభం మేడమ్, అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఏమీ లేదు, నష్టమే, అని పుస్తకంలో ఉన్నట్టే చెబుతాను. చెప్పినప్పుడల్లా బాపు గుర్తొచ్చి, నా మాట మీద నాకే నమ్మకం చాలదు.